మెడనొప్పి మూడు నెలలు దాటితే... చేతి చికిత్స ఎంతవరకు? వ్యాయామం ఎంతవరకు?

మెడ పట్టేసిందంటే మన ఇళ్లలో మొదట బయటికొచ్చేది బామ్ డబ్బా. తర్వాత వేడి నీళ్ల కాపడం. రెండు రోజులైనా తగ్గకపోతే మెడికల్ షాపులో ఒక నొప్పి మాత్ర. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది కూడా. అసలు ఇబ్బంది తగ్గనివాళ్లది. నెలలు గడుస్తాయి, మాత్రలు మారుతాయి, డాక్టర్లు మారుతారు, నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది.

ఇలాంటివాళ్లలో ఎక్కువమంది పనిచేసుకుని బతికేవాళ్లే. రోజంతా కుట్టుమిషన్ మీద వంగి ఉండే టైలర్లు, మగ్గం పని చేసే ఆడవాళ్లు, బండ్ల కింద దూరి పనిచేసే మెకానిక్కులు, ఆటో నడిపేవాళ్లు, కంప్యూటర్ ముందు అకౌంట్లు చూసే కుర్రాళ్లు. మెడ నొప్పెడితే వాళ్ల చేతి పని ఆగుతుంది. పని ఆగితే ఆ రోజు సంపాదన ఆగుతుంది. కాబట్టి ఏ చికిత్స నిజంగా పనిచేస్తుంది, దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు అన్నది ప్రతి ఇంటికీ తెలియాల్సిన విషయం.

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 20 కోట్ల 30 లక్షల మంది మెడనొప్పితో ఉన్నారని అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం లెక్కగట్టింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది ఎక్కువ. 2050 నాటికి ఈ సంఖ్య 27 కోట్ల దగ్గరికి వెళ్తుందని అదే అధ్యయనం అంచనా.

దీర్ఘకాలిక నొప్పి అని ఎప్పుడంటారు?

నొప్పి మూడు నెలలకు మించి ఉంటే దాన్ని దీర్ఘకాలిక మెడనొప్పి అంటారు. మెడలో 7 వెన్నుపూసలు, వాటి మధ్యనుంచి వచ్చే 8 జతల నరాలు ఉంటాయి. పూసల మధ్య డిస్కులు, వెనకవైపు చిన్న చిన్న కీళ్లు, చుట్టూ పొరలు పొరలుగా కండరాలు. నాలుగున్నర నుంచి ఐదు కిలోల బరువుండే తలను ఇవన్నీ కలిసి మోస్తాయి.

దీర్ఘకాలిక మెడనొప్పుల్లో ఎక్కువ భాగానికి "ఇదిగో ఇక్కడే దెబ్బతింది" అని చూపించగలిగే ఒక్క కారణం దొరకదు. కండరాలు బలహీనపడటం, ఒకే భంగిమలో గంటల తరబడి ఉండటం, నిద్ర చాలకపోవడం, మనసులో దిగులు, పాత దెబ్బ... ఇవన్నీ కలిసి నొప్పిని నిలబెడతాయి. నెలల తరబడి ఉన్న నొప్పి వల్ల నరాల వ్యవస్థ కూడా సున్నితంగా మారుతుంది. మామూలు కదలికకే నొప్పి పుడుతుంది. మనిషి భయపడి మెడ కదపడం మానేస్తాడు. కదపకపోతే కండరం ఇంకా బలహీనపడుతుంది. ఈ చక్రాన్ని తెంచడమే చికిత్స అసలు ఉద్దేశం.

స్కాన్ రిపోర్టు చూసి భయపడాలా?

"ఎముక అరిగిపోయింది", "డిస్క్ బయటికొచ్చింది", "స్పాండిలోసిస్ ఉంది" అన్న మాట వినగానే సగం ధైర్యం పోతుంది. జపాన్‌లో ఏ మెడనొప్పీ లేని 1,211 మందికి ఎమ్మారై తీసి చూశారు. వాళ్లలో 87.6 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అంటే రిపోర్టులో కనిపించే మార్పులు చాలావరకు జుట్టు నెరవడం లాంటివే. వయసుతో వస్తాయి, వాటంతట అవే నొప్పికి రుజువు కావు.

అలాగని స్కాన్ ఎప్పుడూ వద్దని కాదు. కింద చెప్పిన ప్రమాద సంకేతాలు ఉన్నప్పుడు, లేదా చేతిలో బలం తగ్గుతున్నప్పుడు అది తప్పనిసరి. అవేవీ లేకపోతే రిపోర్టు కంటే ముందు డాక్టరు చేతులతో చేసే పరీక్షే ముఖ్యం.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా మసాజ్, మెడ తిప్పించుకోవడం, వ్యాయామం ఏదీ మొదలుపెట్టకూడదు. ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

- కింద పడినా, బండి ప్రమాదం జరిగినా ఆ తర్వాత మొదలైన నొప్పి.
- చేతిలో బలం తగ్గడం, గుండీలు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవడం.
- నడకలో తూలడం, కాళ్లు బిగుసుకున్నట్టు ఉండటం, మూత్రం, మలం మీద అదుపు తప్పడం. ఇవి వెన్నుపాము నొక్కుకుపోతోందనడానికి గుర్తులు.
- జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, రాత్రిపూట ఆగని నొప్పి. మన దేశంలో వెన్నెముకకు వచ్చే టీబీని మర్చిపోకూడదు.
- గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం.
- మెడ, దవడ, ఎడమ చేతి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమట, ఆయాసం. ఇది మెడనొప్పి కాకపోవచ్చు, గుండెపోటు కావచ్చు. ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చేతి చికిత్స అంటే ఏమిటి?

మాన్యువల్ థెరపీని తెలుగులో చేతి చికిత్స అనుకోవచ్చు. శిక్షణ పొందిన థెరపిస్టు తన చేతులతో కీళ్లను, కండరాలను కదిలించి చేసే చికిత్స ఇది. ఇందులో ప్రధానంగా మూడు రకాలున్నాయి.

మొదటిది మొబిలైజేషన్. పట్టేసిన కీలును నెమ్మదిగా, లయగా, మళ్లీ మళ్లీ కదిలించడం. రోగికి ఇబ్బందైతే "ఆపండి" అని ఎప్పుడైనా చెప్పొచ్చు. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ ఈ కదలికలను తీవ్రతను బట్టి తరగతులుగా విభజించారు. న్యూజిలాండ్‌కు చెందిన బ్రయాన్ మల్లిగన్ పద్ధతిలో థెరపిస్టు కీలును పట్టి ఉంచితే రోగి తానే మెడ తిప్పుతాడు. మన ఫిజియోథెరపీ కాలేజీల్లో ఈ పేర్లు బాగా వినిపిస్తాయి.

రెండోది మానిప్యులేషన్. కీలును చివరి అంచుదాకా తీసుకెళ్లి ఒక్క చిన్న వేగమైన తోపు ఇస్తారు. టక్ మని శబ్దం వస్తుంది. పక్కకు తప్పుకున్న ఎముక తన చోటికి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ శబ్దం కీలులోని ద్రవంలో గ్యాస్ ఖాళీ ఏర్పడటం వల్ల వచ్చేది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. శబ్దం రాకపోయినంత మాత్రాన చికిత్స పనిచేయలేదని కాదు.

మూడోది కండరాల మీద చేసే మసాజ్, ఒత్తిడి, సాగదీత.

వీటితో నొప్పి తగ్గడానికి కారణం ఎముక సర్దుకోవడం కాదు, నరాల వ్యవస్థ నొప్పి సంకేతాలను కొంతసేపు తగ్గించడం. బిగుసుకున్న కండరం వదులవుతుంది, మెడ తిరుగుతుంది. ఆ వెసులుబాటు కొన్ని గంటలు, కొన్ని రోజులు ఉంటుంది. ఆ సమయంలో ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమేనా?

చాలా క్లినిక్కుల్లో ఫిజియోథెరపీ అంటే పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు, వేడి ప్యాకు, అల్ట్రాసౌండ్ పెట్టి ఇరవై నిమిషాల్లో పంపేయడమే అన్న అభిప్రాయం ఏర్పడింది. వాటితో ఆ కాసేపు హాయిగా ఉండొచ్చు. కానీ దీర్ఘకాలిక మెడనొప్పిని అవి ఒక్కటే నయం చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఫిజియోథెరపీలో ప్రాణం వ్యాయామం. మెడ లోపలి చిన్న కండరాలను మేల్కొల్పడం, భుజపు రెక్కలను పట్టి ఉంచే కండరాలకు బలం పెంచడం, మెడ కదలికను తిరిగి తెచ్చుకోవడం.

మెడకు పట్టీ వేసుకోవడం కూడా అంతే. దెబ్బ తగిలినప్పుడు డాక్టర్ చెప్పిన కొద్ది రోజులకు సరే. నెలల తరబడి వేసుకుంటే కండరం మరింత బలహీనపడుతుంది. మెడ నుంచి చేతిలోకి లాగే నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి ట్రాక్షన్ ఉపయోగపడుతుంది. అందరికీ పెట్టాల్సింది కాదు.

పరిశోధనలు ఏం తేల్చాయి?

నెదర్లాండ్స్‌లో 183 మంది మెడనొప్పి రోగులను మూడు గుంపులుగా చేసి చూశారు. ఒక గుంపుకు వారానికి ఒకసారి చేతి చికిత్స, రెండో గుంపుకు వారానికి రెండుసార్లు వ్యాయామంతో కూడిన ఫిజియోథెరపీ, మూడో గుంపుకు మామూలు డాక్టర్ వైద్యం. ఏడో వారానికి బాగైనవాళ్లు చేతి చికిత్సలో 68.3 శాతం, ఫిజియోథెరపీలో 50.8 శాతం, డాక్టర్ వైద్యంలో 35.9 శాతం. ఈ ఫలితాలు 2002లో వచ్చాయి. వాళ్లకు చేసింది నెమ్మదిగా చేసే మొబిలైజేషనే, మెడ విరవడం కాదు. అలాగే ఆ రోగుల్లో అందరిదీ దీర్ఘకాలిక నొప్పి కాదు, కనీసం రెండు వారాలుగా నొప్పి ఉన్నవాళ్లను తీసుకున్నారు.

అదే అధ్యయనంలో ఖర్చులు కూడా లెక్కగట్టి 2003లో ప్రచురించారు. పని పోగొట్టుకున్న రోజులతో సహా ఏడాదికి మొత్తం ఖర్చు చేతి చికిత్సలో 447 యూరోలు, ఫిజియోథెరపీలో 1,297, డాక్టర్ వైద్యంలో 1,379. ఇంతవరకు చూస్తే చేతి చికిత్సే గెలిచినట్టు. కానీ ఏడాది చివరికి వచ్చేసరికి మూడు గుంపుల మధ్య తేడా దాదాపు పోయింది. చేతి చికిత్స త్వరగా బాగుచేసింది, అంతే.

మరి ఎక్కువకాలం నిలిచేది ఏది? ఫిన్లాండ్‌లో దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 180 మంది ఆఫీసు ఉద్యోగినులపై జరిగిన అధ్యయనం 2003లో వెలువడింది. ఒక గుంపు సాగే బ్యాండుతో మెడ బలం పెంచుకుంది. ఇంకో గుంపు తేలికపాటి వ్యాయామాలు ఎక్కువసార్లు చేసింది. మూడో గుంపుకు నడక, సాగదీత సలహాలే. ఏడాది తర్వాత మొదటి రెండు గుంపుల్లో నొప్పి స్పష్టంగా తగ్గింది. మెడను ముందుకు వంచే బలం మొదటి గుంపులో 110 శాతం పెరిగింది, రెండో గుంపులో 28 శాతం, మూడో గుంపులో 10 శాతమే. ఒట్టి సాగదీత చాలదు, బలం పెంచాలి అన్నది ఇక్కడి పాఠం.

"అంత టైం ఎక్కడిది?" అనేవాళ్లకు డెన్మార్క్ జవాబిచ్చింది. మెడ, భుజం నొప్పి తరచూ వచ్చే 198 మందిలో కొందరు సాగే రబ్బరు గొట్టంతో రోజుకు 2 నిమిషాలు, కొందరు 12 నిమిషాలు, వారానికి ఐదు రోజులు భుజం వ్యాయామం చేశారు. పది వారాల్లో రెండు గుంపులకూ నొప్పి తగ్గింది. రెండు నిమిషాలు దొరకని ఇల్లు ఉండదు.

మెడ వల్ల వచ్చే తలనొప్పి సంగతి కూడా తెలుసుకోవాలి. ఆస్ట్రేలియాలో 200 మందిపై జరిగిన పరిశోధనలో చేతి చికిత్స, వ్యాయామం రెండూ తలనొప్పిని తగ్గించాయి. ఆరు వారాల చికిత్స ఫలితం ఏడాది తర్వాతా నిలిచింది.

అన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. చేతి చికిత్స తలుపు తెరుస్తుంది. లోపలికి నడవాల్సింది వ్యాయామంతోనే. రెండూ కలిపితే ఒక్కొక్కటి విడిగా చేసినదానికంటే మేలు జరిగే అవకాశం ఎక్కువ. ఒకటే చేయగలిగే స్తోమత ఉంటే వ్యాయామాన్ని ఎంచుకోవాలి.

సెలూన్‌లో మెడ విరిపించుకోవడం

కటింగ్ అయ్యాక తల పట్టుకుని టక్ మని తిప్పించుకోవడం చాలామంది మగవాళ్లకు అలవాటు. ఇది మానుకోవాల్సిన అలవాటు. మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ధమనులు మెడ పూసల రంధ్రాల గుండా వెళ్తాయి. మెడను ఒక్కసారిగా తిప్పితే ఆ ధమని గోడ చీలి, గడ్డ కట్టి, పక్షవాతం రావొచ్చు. ఇది అరుదు, కానీ వస్తే జీవితమే మారిపోతుంది. ఇలాంటి సంబంధం కనిపిస్తోందనీ, మెడ మానిప్యులేషన్‌కు ముందు రోగులకు ఈ సంగతి చెప్పాలనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ప్రకటించింది.

బ్యూటీ పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకున్నప్పుడు కూడా ఇలా జరిగిన ఉదాహరణలున్నాయి. 1993లోనే ఒక అమెరికన్ డాక్టర్ దీన్ని వర్ణించారు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు ఇలాగే జరిగిన సంగతి వార్తల్లో వచ్చింది.

ఎముకలు గుల్లబారినవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్లు తీసుకున్నవాళ్లు క్లినిక్‌లో కూడా మెడ మీద తోపు చికిత్స చేయించుకోకూడదు. చికిత్స తర్వాత ఎప్పుడూ లేనంత తలనొప్పి, కళ్లు తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం వస్తే ఇంటికి వెళ్లి పడుకోకుండా నేరుగా పెద్దాస్పత్రికి వెళ్లాలి.

హిజామా చేయించుకునేవాళ్లూ మన దగ్గర ఎక్కువే. మెడనొప్పికి కప్పింగ్‌తో కొంత ఉపశమనం వచ్చినట్టు చిన్న అధ్యయనాలున్నాయి, ఆధారం మాత్రం బలహీనం. చేయించుకుంటే బ్లేడు, కప్పులు కొత్తవా కాదా చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. హిజామా చేయించుకున్నా వ్యాయామం మానకూడదు.

ఇంట్లో చేసుకోదగ్గవి

ప్రమాద సంకేతాలు లేవని తేలాక ఇవి మొదలుపెట్టొచ్చు. ఒకసారి థెరపిస్టు ముందు చేసి చూపించి సరిచేయించుకుంటే మంచిది.

1. గడ్డం లోపలికి: వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా, "అవును" అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా లోపలికి లాగాలి. 5 నుంచి 10 సెకన్లు ఉంచి వదలాలి. 10 సార్లు.
2. చేతికి ఎదురు: అరచేయి నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతిని తలతో నెట్టాలి. 5 సెకన్లు. తర్వాత తల వెనక, రెండు పక్కలా. ఒక్కో వైపు 5 సార్లు.
3. రెక్కలు దగ్గరికి: నిటారుగా కూర్చుని భుజాలు పైకి లేపకుండా రెండు భుజపు రెక్కలను వెనక్కి దగ్గర చేయాలి. 10 సార్లు.
4. బరువుతో: అరలీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని చేతులను పక్కలకు భుజం ఎత్తుదాకా లేపాలి. రోజుకు 2 నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ బరువు పెంచాలి.
5. మెడ తిప్పడం: నొప్పి లేనంతవరకు నెమ్మదిగా కుడికి, ఎడమకు. 10 సార్లు.

మొదటి వారం కండరం కాస్త సలపడం మామూలే. మర్నాటికి తగ్గిపోతే కొనసాగించొచ్చు. చేతిలోకి తిమ్మిరి పాకితే ఆపేసి థెరపిస్టును అడగాలి. ఫలితానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మూడు రోజులు చేసి "ఏం లాభం లేదు" అని మానేయడమే చాలామంది చేసే పని.

నమాజ్ చదివేవాళ్లకు మెడ ఎంత మెరుగైందో చూసుకునే కొలత ప్రతిరోజూ దొరుకుతుంది. చివర్లో సలాం చెప్పేటప్పుడు తల రెండు పక్కలా ఎంత తిరుగుతోందో గమనిస్తే చాలు. సజ్దాలో నొప్పి ఎక్కువైతే బరువు మెడ మీద కాకుండా చేతుల మీద పడేలా చూసుకోవాలి. అదీ కష్టమైతే కుర్చీలో చదవడం గురించి మసీదు ఇమాంను అడగొచ్చు.

టైలర్లు, ఆఫీసువాళ్లు అరగంటకోసారి ఒక నిమిషం లేచి నడవాలి. "సరైన భంగిమ" అని ఒకటే లేదు, ఎంత మంచి భంగిమైనా గంటసేపు కదలకపోతే అది చెడ్డదే. ఫోన్‌ను ఒళ్లో పెట్టుకోకుండా ముఖం ఎత్తుకు తెచ్చుకోవాలి. దిండు మెడ, తల ఒకే వరసలో ఉండేంత ఎత్తుంటే చాలు.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు

ఫిజియోథెరపీలో బీపీటీ లేదా ఎంపీటీ చదివినవాళ్లా కాదా అడిగి తెలుసుకోవాలి. ఈ వృత్తిని క్రమబద్ధం చేయడానికి కేంద్రం 2021లో జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తెచ్చింది. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఆస్పత్రి వంటి చోట్ల ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. ప్రైవేటులో చూపించే ముందు వీటిని కనుక్కోవడం మేలు.

ముందే 20, 30 సిట్టింగులకు డబ్బు కట్టమంటే ఒప్పుకోకూడదు. "ఎన్ని సిట్టింగుల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు? ఇంట్లో చేయడానికి ఏం నేర్పుతారు? మెడ మీద తోపు ఇస్తారా?" అని మూడు ప్రశ్నలు అడగాలి. ఆరు సిట్టింగుల్లో ఏ మార్పూ లేకపోతే చికిత్స మార్చాలి.

ఆడవాళ్లు చాలామంది సిగ్గుతో చికిత్స మధ్యలోనే ఆపేస్తున్నారు, లేదా అసలు వెళ్లడమే లేదు. మహిళా థెరపిస్టు కావాలని అడగడం రోగి హక్కు. ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన ఉండొచ్చు. మెడ, భుజాలు, వీపు పైభాగం తప్ప ఇంకేదీ చూపించాల్సిన పని ఉండదు. చేతి చికిత్స వద్దనుకుంటే ఒట్టి వ్యాయామంతోనే మొదలుపెట్టమని చెప్పొచ్చు. పైన చెప్పిన డెన్మార్క్ ఫలితాలు వ్యాయామంతోనే వచ్చాయి.

ఇంట్లో అమ్మీ నెలలుగా మెడ పట్టుకుని కూర్చుంటే మరో బామ్ డబ్బా తెచ్చివ్వడం తేలిక. రోజూ అసర్ తర్వాత పది నిమిషాలు పక్కన కూర్చుని వ్యాయామం లెక్కపెట్టడం అంత తేలిక కాదు. కానీ మూడు నెలల తర్వాత ఆమె మెడ తిప్పి చూడగలిగితే, అది ఆ పది నిమిషాల వల్లే అవుతుంది.